కొత్త ఏసీకి వాక్యూమ్ చెయ్యకుండా బిగించి వెళ్లిపోయారు, గొడవ పడాలా వదిలేయాలా?

మియాపూర్_మాధవి
నిన్న ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ బిగించారు. ఆర్32 గ్యాస్. వచ్చిన ఇద్దరు కుర్రాళ్లూ గోడకి రంధ్రం కొట్టి, పైపులు కలిపి, బయట యూనిట్ దగ్గర అల్లెన్ కీతో వాల్వు కొంచెం తిప్పి, పక్కనున్న పిన్ను నొక్కి స్‌స్‌స్ మని గ్యాస్ వదిలారు. "లోపలి గాలి పోయింది మేడమ్, అయిపోయింది" అన్నారు. మాన్యువల్ తీసి చూస్తే పైపుల్లోని గాలిని పీల్చేసే వాక్యూమ్ పంపు పెట్టాలని బొమ్మతో సహా ఉంది. అది చూపిస్తే "అవన్నీ రాస్తారు, ఎవరూ చెయ్యరు" అని నవ్వాడు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "కూలింగ్ వస్తోందా? వస్తే సమస్య లేదు" అని కంప్లైంట్ మూసేశారు. కూలింగ్ బాగానే ఉంది. ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయమా, నేనే అతి చేస్తున్నానా? మా ఆయన రెండోదే అంటున్నారు.

బెజవాడ_బుల్లోడు
నేను మీ ఆయన పార్టీ. చల్లగా ఉంది కదా, దుప్పటి కప్పుకుని పడుకోండి.

రాగి_గొట్టం
పట్టించుకోవాల్సిందే. మాన్యువల్‌లో ఉన్న పని చెయ్యకుండా ఇన్‌స్టలేషన్ ఛార్జీ ఎలా తీసుకుంటారు? రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి. ఫోన్ కంప్లైంట్లు ఇలాగే మూసేస్తారు.

పాత_మెకానిక్
ఈ లైన్లో చాలా కాలంగా ఉన్నాను కాబట్టి చెప్తున్నా. పాత ఆర్22 గ్యాస్ రోజుల్లో అందరం పర్జింగే, అంటే ఇలా గ్యాస్ వదిలి గాలిని తొయ్యడమే, చేసేవాళ్లం. కొన్ని కంపెనీల మాన్యువల్‌లోనే ఆ పద్ధతి ఉండేది. ఆ ఏసీలు పదేళ్లు, పన్నెండేళ్లు ఆడాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి ప్రతి కస్టమరూ మైక్రాన్లు, టార్క్‌లు అంటున్నారు. కుర్రాళ్లని అనవసరంగా తిట్టకండమ్మా.

శీతలశాస్త్రి
పాత_మెకానిక్ గారూ, ఆర్22 గురించి మీరన్నది నిజమే. కానీ ఆ లెక్క ఇక్కడ పెట్టకూడదు. ఆర్22 కంప్రెసర్‌లో ఉండేది మినరల్ ఆయిల్. దానికి తేమ పెద్దగా పట్టదు. ఆర్410ఏ, ఆర్32 వచ్చాక చాలావరకు పీఓఈ అనే సింథటిక్ ఆయిల్‌కి మారారు. అది గాలిలోని తేమని పీల్చేసుకుంటుంది. తేమ, వేడి కలిస్తే ఆయిల్ విడిపోయి ఆమ్లం తయారవుతుంది. ఆమ్లం మోటారు వైండింగ్ మీద పని మొదలుపెడుతుంది. ఇదంతా ఒక్కరోజులో జరగదు, అందుకే "కూలింగ్ వస్తోంది కదా" అన్న మాటకి అర్థం లేదు. రెండేళ్లకో మూడేళ్లకో కంప్రెసర్ పోతే, దానికి మూలం ఫిట్టింగ్ రోజున ఉందని ఎవరూ చెప్పలేరు.

ఇంకొకటి. పర్జింగ్‌తో గాలి కొంత పోతుంది, మొత్తం పోదు. ఇండోర్ కాయిల్లో అన్ని వంపులు తిరిగిన గొట్టాలుంటాయి, గ్యాస్ ఒకవైపు నుంచి తోస్తే మూలల్లో గాలి మిగిలిపోతుంది. అది బయట యూనిట్లోని కండెన్సర్‌లోకి చేరి ద్రవంగా మారదు, ఊరికే చోటు ఆక్రమించి హెడ్ ప్రెషర్, అంటే కంప్రెసర్ తోసే వైపు ఒత్తిడి, పెంచుతుంది. దాని ఫలితం కరెంటు బిల్లులో కనిపిస్తుంది. గొట్టం లోపలి గోడకి అంటుకున్న తేమ బొట్టు మాత్రం పర్జింగ్‌కి అసలు కదలదు.

పైగా మీ యూనిట్లో గ్యాస్ తూచి నింపి పంపిస్తారు. పిన్ను నొక్కి వదిలినప్పుడు ఎంత పోయిందో ఎవరూ తూచరు. ఎనిమిది వందల గ్రాముల మెషీన్లో యాభై గ్రాములు పోతే చిన్న విషయం కాదు.

బెజవాడ_బుల్లోడు
ఇంత చదివాక నా పార్టీలో నేనొక్కడినే మిగిలినట్టున్నాను.

సాగరతీరం
ఆర్32 కొంచెం మండే గ్యాస్ కూడా. మా వైజాగ్‌లో ఒక కుర్రాడు నోట్లో సిగరెట్ పెట్టుకునే పర్జ్ చేశాడు. కిందకి దిగమన్నాను.

పాత_మెకానిక్
గ్యాస్ ఊరికే అంటుకోదు సాగరతీరం గారూ. గాలిలో పద్నాలుగు శాతం పైన ఉంటే గానీ మండదు.

శీతలశాస్త్రి
టెర్రస్ మీద అయితే నిజమే. కానీ మంట తగిలి మండితే వచ్చేది హైడ్రోజన్ ఫ్లోరైడ్. పైగా అదే అలవాటుతో రేపు ఆర్290 ఏసీ బిగిస్తాడు. అది అచ్చంగా ప్రొపేన్, రెండు శాతం పైన ఉంటే చాలు. అందుకే అలవాటే మారాలి అంటున్నా.

మియాపూర్_మాధవి
శాస్త్రి గారూ, ఇప్పుడు వాళ్లని పిలిపించి వాక్యూమ్ చెయ్యమంటే సరిపోతుందా? గ్యాస్ లోపలే ఉంది కదా?

రాగి_గొట్టం
సింపుల్. ఏసీ ఆన్ చేసి పంప్ డౌన్ చేయించండి. గ్యాస్ మొత్తం బయట యూనిట్లోకి పోతుంది, వాల్వులు మూసేసి, పైపులు వాక్యూమ్ చేసి మళ్లీ తెరవడమే. అరగంట పని.

జగిత్యాల_దుబాయ్
రాగి_గొట్టం అన్నా, ఆ పని చేయొద్దు. లోపల ఇప్పటికే గాలి ఉంది. పంప్ డౌన్ చేస్తే ఆ గాలి కూడా గ్యాస్‌తో పాటే బయట యూనిట్లోకి పోతుంది, తర్వాత పైపులు వాక్యూమ్ చేసినా బయటకి రాదు. పెద్ద ప్రమాదం వేరే ఉంది. పంప్ డౌన్ అప్పుడు ఎక్కడన్నా లీకు ఉండి కంప్రెసర్ గాలి లాక్కుంటే, లోపల గాలి, ఆయిల్ ఆవిరి కలిసి డీజిల్ ఇంజన్లో లెక్క పేలుతుంది. అవుట్‌డోర్ ముక్కలు ముక్కలైన కేసులు ఉన్నాయి. ఇక్కడ మాకు సేఫ్టీ క్లాసులో మొట్టమొదట చెప్పేది ఇదే.

సరైన పద్ధతి: గ్యాస్ రికవరీ సిలిండర్‌లోకి తీసెయ్యాలి, నైట్రోజన్‌తో టెస్ట్ చెయ్యాలి, వాక్యూమ్ పెట్టాలి, తర్వాత యూనిట్ మీద స్టిక్కర్‌లో రాసినంత బరువు తూచి కొత్తగా ఎక్కించాలి. ఆర్32 ఒకే గ్యాస్ కాబట్టి తూకం కుదిరితే చాలు, మిశ్రమం మారిపోతుందనే బాధ లేదు.

బెజవాడ_బుల్లోడు
అరగంట పని పేలుడు పదార్థంగా మారింది. ఇంట్లో ఫ్యానే మేలు.

స్వప్న_నెల్లూరు
నైట్రోజన్ ఎందుకు? మా టెక్నీషియన్ పంపు పెట్టి పది నిమిషాలు ఆడించి, ఆపి, గేజ్ ముల్లు కదలలేదు చూడండి అన్నాడు. లీక్ లేదనేగా అర్థం?

రాగి_గొట్టం
అవును, అదే లీక్ టెస్ట్. నైట్రోజన్ పెద్ద ప్రాజెక్టులకి. ఇంటి ఏసీకి దండగ.

జగిత్యాల_దుబాయ్
కాదు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తున్నారు. వాక్యూమ్ పెట్టినప్పుడు జాయింట్ మీద పడే ఒత్తిడి బయట వాతావరణం ఎంతో అంతే, సుమారు 15 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత). అది కూడా బయట నుంచి లోపలికి. ఏసీ ఆపి ఉన్నప్పుడే 35 డిగ్రీల ఎండలో ఆర్32 ఒత్తిడి 300 పీఎస్‌ఐ. అది లోపల నుంచి బయటకి తోస్తుంది. అంటే ఇరవై రెట్లు, పైగా దిశ ఉల్టా. వాక్యూమ్‌కి ఫ్లేర్ (నట్టు లోపల గరాటులా విప్పిన పైపు అంచు) గట్టిగా అతుక్కుని ఏమీ కనిపించని జాయింటు 300కి సన్నగా వదులుతుంది.

ఇంక ఆ ముల్లు సంగతి. మామూలు మ్యానిఫోల్డ్ గేజ్‌లో సున్నా కింద భాగం ఎంత చిన్నదో చూడండి. చివరికి వెళ్లి ఆగిన ముల్లు 500 మైక్రాన్ల దగ్గరా 5,000 మైక్రాన్ల దగ్గరా ఒకేలా కనిపిస్తుంది. ముల్లు మందమే అంతకంటే ఎక్కువ.

స్వప్న_నెల్లూరు
మైక్రాన్ అంటే ఏంటి అన్నా?

శీతలశాస్త్రి
ఒక మిల్లీమీటర్ పాదరసంలో వెయ్యో వంతు. మన చుట్టూ ఉన్న వాతావరణం 7,60,000 మైక్రాన్లు. 30 డిగ్రీల దగ్గర నీళ్లు మరగాలంటే ఒత్తిడి సుమారు 32,000 మైక్రాన్లకి దిగాలి. వాక్యూమ్ పంపు తేమని పీల్చడం అంటే ఇదే, లోపలి నీటిని గది వేడిలోనే మరిగించి ఆవిరిగా లాగడం. 500 కిందకి తెచ్చి ఆపితే తేమ దాదాపు పోయినట్టు.

తర్వాత వాల్వు మూసి, పంపుతో సంబంధం తెంపేసి చూడాలి. అంకె మెల్లగా పెరిగి ఒకచోట, అంటే 1,500 దగ్గరో 2,000 దగ్గరో ఆగిపోతే లోపల ఇంకా తేమ ఉంది. ఆగకుండా పైకి పోతూనే ఉంటే లీకు. వానాకాలంలో చేసిన ఫిట్టింగుల్లో మొదటిది చాలాసార్లు చూస్తాం. అప్పుడు పొడి నైట్రోజన్ కొంచెం వదిలి, మళ్లీ వాక్యూమ్ పెడితే త్వరగా ఆరుతుంది.

పాత_మెకానిక్
మాటలు బాగున్నాయి. మరి నేల మీదికి దిగుదాం. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో కుర్రాడికి రోజుకి ఐదారు ఫిట్టింగులు వేస్తారు. ఒక్కోదానికి వాడి చేతికొచ్చేది కొన్ని వందలు. బండి మీద ఇద్దరూ, డ్రిల్ మెషీను, నిచ్చెన. ఇంక వాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండరు, రెగ్యులేటరు, తూకం మెషీను ఎక్కడ పెట్టుకోవాలి? నాలుగో అంతస్తు లిఫ్టు లేకుండా ఎక్కాలి. కంపెనీ వాళ్లు ఇవ్వరు, డీలర్ ఇవ్వడు. మీరు కూడా "ఇంకో వెయ్యి తీసుకుని వాక్యూమ్ చెయ్యి" అని ఎవరన్నా అన్నారా?

కరెంటు_బిల్లు
నలభై వేలు పెట్టి ఏసీ కొని వెయ్యి దగ్గర బేరం ఆడతాం. పాత_మెకానిక్ గారి మాటకి ఓటు.

జగిత్యాల_దుబాయ్
పాత_మెకానిక్ బాబాయ్, మీ మాటలో న్యాయం ఉంది. నేను కరీంనగర్‌లో పని నేర్చుకున్నప్పుడు నేనూ పర్జింగే చేశా, నా దగ్గర పంపు లేదు. ఇక్కడ పెద్ద సైట్లలో, ఒకే బయట యూనిట్‌కి చాలా ఇండోర్లు కలిపే వీఆర్‌ఎఫ్ లైన్లకి 580 పీఎస్‌ఐ దాకా నైట్రోజన్ నింపి 24 గంటలు వదిలేస్తాం. తర్వాత కన్సల్టెంట్ వచ్చి గేజ్ చూసి సంతకం పెడితేనే ఇన్సులేషన్ మూస్తాం. ఇంటికి అంత అక్కర్లేదు. కానీ పద్ధతి తెలిసినోడు గంటలో చేసి చూపిస్తాడు. మొదట వంద పీఎస్‌ఐ, పెద్ద లీకు ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత కంపెనీ చెప్పిన అంకె దాకా. బయట యూనిట్ వాల్వులు మూసే ఉంచాలి, పైపులూ ఇండోరూ మాత్రమే టెస్ట్‌లో ఉంటాయి.

సాగరతీరం
మాకు నైట్రోజన్ పెట్టారు. సాయంత్రం 400, పొద్దున్న 389. లీకు అని గోల చేశాను. టెక్నీషియన్ ఎండ తగ్గిందండీ అన్నాడు, నేను నమ్మలేదు. ఎవరిది కరెక్టు?

శీతలశాస్త్రి
సాయంత్రం ఎంత వేడి ఉంది, పొద్దున్న ఎంత?

సాగరతీరం
దాదాపు 36, పొద్దున్న 28.

శీతలశాస్త్రి
అయితే అతనిదే కరెక్టు. గేజ్ అంకెకి 15 కలిపి, 273 కలిపిన ఉష్ణోగ్రతల నిష్పత్తితో లెక్క వెయ్యండి. 415ని 301తో గుణించి 309తో భాగిస్తే 404, అందులో 15 తీస్తే 389. అక్షరాలా సరిపోయింది. అతనికి టీ ఇప్పించాల్సింది.

సాగరతీరం
ఇప్పించలేదు. రెండు రోజులు తిప్పించాను పాపం.

కొత్తపేట_డీఐవై
నైట్రోజన్ దొరక్కపోతే వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది కదా, దాంతో ప్రెషర్ పెట్టి సబ్బు నురగ రాస్తే? మా బావ అలాగే చేస్తాడు.

జగిత్యాల_దుబాయ్
వద్దు వద్దు వద్దు. ఒత్తిడిలో ఆక్సిజన్ ఆయిల్‌కి తగిలితే నిప్పు రవ్వ కూడా అక్కర్లేదు, పేలుతుంది. మనుషులు చచ్చిపోయారు ఇలాగే. మీ బావకి ఇప్పుడే ఫోన్ చెయ్యి తమ్ముడూ.

శీతలశాస్త్రి
దీనికి రెండో అభిప్రాయం లేదు. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ కూడా వాడొద్దు, అది తేమని లోపలికి పంపుతుంది. నైట్రోజన్ అయినా రెగ్యులేటర్ లేకుండా నేరుగా పెట్టకూడదు, నిండు సిలిండర్లో రెండు వేల పీఎస్‌ఐ పైన ఉంటుంది.

కొత్తపేట_డీఐవై
ఫోన్ చేశా. "ఇన్నాళ్లూ ఏం కాలేదుగా" అన్నాడు. అక్కతో చెప్పించా. మానేస్తాడు.

బెజవాడ_బుల్లోడు
ఈ మొత్తం చర్చలో అసలైన సేఫ్టీ వాల్వు అక్కే.

డల్లాస్_తెలుగోడు
అమెరికాలో గ్యాస్ కావాలని గాలిలోకి వదలడం నేరం. ఆర్22 లాంటి వాటికి 1992 నుంచి, ఆర్410ఏ లాంటి వాటికి 1995 నుంచి. గ్యాస్ ముట్టుకోవాలంటే ఈపీఏ (ఇక్కడి పర్యావరణ సంస్థ) 608 సర్టిఫికెట్ ఉండాలి. అయితే ఇక్కడా వాక్యూమ్ ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు, బిల్లు మాత్రం గుండె ఆగేలా వేస్తారు. నా ప్రశ్న: సబ్బు నీళ్లు ఏది వాడాలి? గిన్నెలు తోమే లిక్విడ్ వాడొచ్చా?

శీతలశాస్త్రి
బుడగలు వస్తాయి, పని జరుగుతుంది. కానీ కొన్ని కంపెనీల మాన్యువల్స్ ఒద్దంటాయి. సబ్బులో అమోనియా ఉంటే ఇత్తడి ఫ్లేర్ నట్టు పగుళ్లు పడుతుంది, ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది. లీక్ టెస్ట్ కోసమే అమ్మే ద్రావణం వాడండి. దొరక్కపోతే టెస్ట్ అవ్వగానే తడిగుడ్డతో శుభ్రంగా తుడిచెయ్యండి.

జగిత్యాల_దుబాయ్
అసలు లీకు చాలాచోట్ల ఫ్లేర్‌లోనే. పైపు హాక్సా బ్లేడుతో కోస్తారు, అంచు రీమర్‌తో నున్నగా చెయ్యరు, రాగి పొడి లోపల పడుతుంది. తర్వాత ఫ్లేర్ ఒక పక్క పొడవు, ఒక పక్క పొట్టి. దాన్ని పెద్ద స్పానర్‌తో బలంగా బిగిస్తే పగులుతుంది. టార్క్ అంటే బిగించే బలం, పావు అంగుళం నట్టుకి 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళానికి 50 నుంచి 60. టార్క్ రెంచ్ ఉంటే టకామని చప్పుడు వస్తుంది, అక్కడ ఆపాలి. పైపు కోసేటప్పుడు నోరు కిందకి వంచి పట్టుకోవాలి, పొడి లోపలికి పోదు. ఇది పైసా ఖర్చు లేని పని, దీనికి మాత్రం టైమ్ లేదనే సాకు ఒప్పుకోను బాబాయ్.

పాత_మెకానిక్
ఫ్లేర్ విషయంలో నీతో వాదన లేదు. నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లు రీమర్ మర్చిపోతే ఫ్లేర్ కోసేసి మళ్లీ చేయిస్తాను.

మియాపూర్_మాధవి
అప్‌డేట్. మెయిల్ పెట్టి, మాన్యువల్ పేజీ ఫోటో జత చేసి, రెండుసార్లు గుర్తు చేస్తే ఇవాళ సీనియర్ టెక్నీషియన్ వచ్చారు. పద్ధతిగా మాట్లాడారు. బయట నట్లకి ద్రావణం రాస్తే ఏమీ లేదు. లోపల ఇండోర్ వెనక జాయింటు టేపు చుట్టేసి ఉంది, "ఇది విప్పితే మళ్లీ చుట్టాలి మేడమ్" అని గొణిగారు. విప్పమన్నాను. అర అంగుళం నట్టు దగ్గర చిన్న చిన్న బుడగలు, మెల్లగా, ఒకదాని వెనక ఒకటి.

బెజవాడ_బుల్లోడు
మీ ఆయన ఏమన్నారు?

మియాపూర్_మాధవి
కాఫీ పెట్టారు.

స్వప్న_నెల్లూరు
అంటే కూలింగ్ బాగానే ఉంటూ గ్యాస్ పోతూనే ఉందన్నమాట! మాకు పోయిన ఏడాది "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అని డబ్బు తీసుకున్నారు. గ్యాస్ అయిపోయేది కాదు కదా?

శీతలశాస్త్రి
కాదు. పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో పోయిందని. లీకు వెతక్కుండా గ్యాస్ నింపితే మళ్లీ వేసవికి మళ్లీ బిల్లు. ఈసారి "లీకు ఎక్కడుందో చూపించి, అప్పుడు నింపు" అనండి.

మియాపూర్_మాధవి
మిగతాది: గ్యాస్ రికవరీ చేసుకున్నారు. ఫ్లేర్ కోసి కొత్తగా చేశారు, పాత ముక్క నాకు చూపించారు, అంచు ఒక పక్క సన్నగా చీలి ఉంది. నైట్రోజన్ తెచ్చారు, 400 పెట్టి ఒక గంట ఆగారు. తర్వాత పంపు. మైక్రాన్ గేజ్ మాత్రం లేదు, మామూలు గేజే. పంపు నలభై నిమిషాలు ఆడించి, ఆపి, పావుగంట చూశారు. గ్యాస్ మాత్రం స్టిక్కర్ మీదున్న బరువు తూచి ఎక్కించారు. డబ్బు అడగలేదు. మైక్రాన్ గేజ్ లేకపోవడం గురించి మళ్లీ గొడవ పడాలా?

రాగి_గొట్టం
పడండి. సగం పని సగం పనే.

జగిత్యాల_దుబాయ్
వద్దమ్మా. మంచి పంపు అయ్యి, పంపులోని ఆయిల్ తెల్లగా పాలలా మారకుండా ఉంటే, మీ ఇంటి అంత చిన్న లైన్‌కి నలభై నిమిషాలు బాగానే సరిపోతుంది. నైట్రోజన్ నిలబడింది, బుడగ లేదు, తూకం కుదిరింది. నేనైతే ఒప్పుకుంటా.

శీతలశాస్త్రి
నేనూ ఒప్పుకుంటా, కొంచెం ముఖం ముడుచుకుని.

పాత_మెకానిక్
ఆ సీనియర్ ఎవరో గానీ మంచి పనివాడు. అమ్మా, మీరు రివ్యూలో అతని పని గురించి రాయండి. తిట్టడానికైతే అందరూ రాస్తారు.

కరెంటు_బిల్లు
నాకో చిన్న డౌటు. వచ్చే నెల ఇల్లు మారుతున్నాం, ఏసీ విప్పి పట్టుకెళ్లాలి. పాత పైపులే మళ్లీ వాడొచ్చా?

జగిత్యాల_దుబాయ్
ఎన్నేళ్లది, ఏ గ్యాస్?

కరెంటు_బిల్లు
నాలుగేళ్లు. ఆర్32. లీకు ఎప్పుడూ లేదు.

జగిత్యాల_దుబాయ్
లీకు లేదు కాబట్టి పంప్ డౌన్ చేసి విప్పొచ్చు. ముందు లిక్విడ్ వాల్వు (సన్న పైపుది) ముయ్యాలి, గేజ్ సున్నాకి కొంచెం పైన ఉండగానే సక్షన్ వాల్వు (లావు పైపుది) మూసి వెంటనే కంప్రెసర్ ఆపెయ్యాలి. లోపలికి గాలి లాగనివ్వొద్దు. పైపు నలగకుండా చుట్టి, రెండు చివరలూ వెంటనే మూతలు పెట్టి టేపు వెయ్యమను. లారీలో నోరు తెరిచి తీసుకుపోతే దుమ్మూ తేమా రెండూ చేరతాయి. ఫ్లేర్లు మాత్రం కోసి కొత్తవి చెయ్యాలి, పాతవి రెండోసారి పట్టవు.

కరెంటు_బిల్లు
మాధవి గారూ, ఆ సీనియర్ నంబర్ ప్రైవేట్ మెసేజ్‌లో పంపగలరా?

మియాపూర్_మాధవి
ఆయన్ని అడిగి పంపిస్తా. మే నెల అయితే మాత్రం ఇప్పుడే బుక్ చేసుకోండి, మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు అడిగారు.